జాక్ రస్సెల్ టెర్రియర్‌తో కాపురం: దానికి రోజూ పని కల్పించడం ఎలా

జాక్ రస్సెల్ టెర్రియర్‌ను ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారు ముందుగా దాని వృత్తి ఏమిటో తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతానికి చెందిన జాన్ రస్సెల్, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న రోజుల్లో, 1819లో ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే చిన్న తెల్లని ఆడ టెర్రియర్‌ను కొన్నాడు. తరువాత ఆయన చర్చిలో మతాచార్యుడయ్యాడు గానీ నక్కల వేట మానలేదు; ఈ జాతికి ఆయన పేరే నిలిచిపోయింది. వేటలో తరిమిన నక్క బొరియలో దాక్కుంటే, దాని వెంట లోపలికి దూరి, మొరిగి మొరిగి దాన్ని బయటికి తరమడమే ఈ కుక్కల పని. మట్టి కింద కుక్క ఎక్కడుందో పైనున్న మనుషులకు తెలియాలంటే అది గొంతు ఆపకూడదు. కనుక తవ్వడం, మొరగడం, ఇరుకు సందుల్లో దూరడం దాని రక్తంలోనే ఉన్నాయి. తిట్టినా కొట్టినా అవి పోవు, కుక్కకు మన మీద నమ్మకం మాత్రం పోతుంది.

మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. మా టెర్రియర్ చిట్టి వచ్చిన తొలి నెలలోనే పరుపు ఒక మూల చించి దూదంతా గదిలో పరిచింది. ఆ తరువాత వరండాలో ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి పెట్టి, సగం వరకు ఇసుక నింపి, అందులో దాని రబ్బరు బొమ్మను పాతిపెట్టడం మొదలుపెట్టాము. ముందుకాళ్లతో ఇసుకను వెనక్కి విసురుతూ, ముక్కుకు ఇసుక అంటుకున్నప్పుడు తలెత్తి ఒక్కసారి తుమ్మి, మళ్ళీ పనిలో పడిపోతుంది. మొదట్లో బొమ్మను పైపైనే పాతండి; దొరుకుతుందన్న నమ్మకం కుదిరాక లోతు పెంచండి. పావుగంట తవ్విన కుక్క ఆ తరువాత హాయిగా నిద్రపోతుంది.

రోజుకు కనీసం గంటసేపు బయట తిప్పాలి. మన ఎండాకాలంలో అది తెల్లవారుజామునా, పొద్దుగూకాకనే సాధ్యం. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకు కూడా పనికిరాదు. అయితే పరుగు ఒక్కటే చాలదు. రోజూ పరిగెత్తించి వదిలేస్తే ఇంకా ఎక్కువ పరిగెత్తగల కుక్క తయారవుతుంది గానీ నెమ్మది రాదు. ముక్కుకు పని పెట్టండి: రోజువారీ మేతలో కొంత పాత తువ్వాలులో చుట్టి ఇవ్వడమో, గదిలో నాలుగైదు చోట్ల దాచి వెతికించడమో చేయండి. బయట మాత్రం తాడు వదలవద్దు. పిల్లి కనబడితే దానికి మన పిలుపు వినబడదు.

కాలింగ్ బెల్ మోగగానే మొరిగే అలవాటును మార్చడానికి ఓపిక కావాలి. తలుపుకు దూరంగా ఒక చాప వేసి, ఎవరూ రాని సమయంలో ఇంట్లోవారితోనే బెల్ కొట్టించి, కుక్కను చాప మీదికి పిలిచి, కూర్చోగానే చిన్న ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టండి. రోజూ పదిసార్లు చొప్పున కొన్ని వారాలు చేస్తే, బెల్ అంటే చాప అని దానికి అర్థమవుతుంది. ఇంటిల్లిపాదీ ఒకే పద్ధతి పాటించాలి.

నక్క బొరియలో దూరగలిగేందుకు దీని ఛాతీని రెండు చేతుల మధ్య ఇమిడేంత సన్నగా ఉంచారు. అందుకే బాల్కనీ గ్రిల్లు సందులకు వల తప్పనిసరిగా కట్టించండి.

ఎలుకలు, పందికొక్కులు ఉన్న అపార్టుమెంట్లలో మరింత జాగ్రత్త అవసరం. ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకుతుంది. రేబిస్ టీకాతో పాటు దీని టీకా కూడా సమయానికి వేయించండి. సెల్లారులో ఎలుకల మందు ఎక్కడ పెట్టారో వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోండి. చాలా ఎలుకల మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, లక్షణాలు రెండు మూడు రోజుల తరువాత గానీ బయటపడవు. కుక్క తిన్నదని అనుమానం వస్తే ఆగకుండా, మందు ప్యాకెట్టుతో సహా పశువైద్యుని దగ్గరకు వెళ్ళండి.

ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కలిపిన అన్నం పెట్టవద్దు. ఎండుద్రాక్ష, చాక్లెట్ అసలే కూడదు. ఐదారు కిలోల ప్రాణికి మన పిడికెడు చాలా ఎక్కువ. వారానికోసారి దువ్వితే చాలు గానీ, చెవుల్లోనూ వేళ్ల మధ్యా పిడుదుల కోసం ప్రతిరోజూ చూడాలి.

నడుస్తూ నడుస్తూ ఒక వెనుక కాలు ఎత్తి నాలుగడుగులు గెంతి, మళ్ళీ మామూలుగా నడిస్తే మోకాలి చిప్ప జారుతోందేమో చూపించండి. కన్ను హఠాత్తుగా ఎర్రబడినా, నీలం పొర కమ్మినట్లు మసకబారినా తెల్లారేదాకా ఆగవద్దు. ఈ జాతిలో కంటి కటకం పక్కకు జారే జబ్బు ఉంది, కొద్ది గంటల ఆలస్యానికే చూపు పోవచ్చు.