చిట్టెలుక కంట్లో రెటీనా వాపు, 4వ పాఠం: ఓసీటీతో మందు ఫలితాన్ని చదవడం

సి57బిఎల్/6 (పొట్టిగా బి6) రకం చిట్టెలుకల్లో ఐఆర్‌బీపీ అనే రెటీనా ప్రోటీన్‌లోని పెప్టైడ్‌తో యువైటిస్ (కంటి లోపలి వాపు) రప్పించడం గత పాఠంలో చూశాం. అక్కడ వాపు సాధారణంగా రెండో వారం చివర మొదలై, మూడో వారానికి తారస్థాయికి చేరుతుంది. జంతువును చంపకుండా ఓసీటీతో (కాంతితో రెటీనా పొరల అడ్డుకోత చిత్రం తీసే పద్ధతి) అదే కంటిని మళ్లీ మళ్లీ చూసి, మందు పనిచేస్తోందో లేదో తేల్చడం ఈసారి నేర్చుకుందాం. ఎథిక్స్ కమిటీ అనుమతిలో ఎన్నిసార్లు మత్తు ఇవ్వవచ్చని రాసి ఉందో ముందే చూసుకోండి.

తొలి ఓసీటీ ఇమ్యునైజేషన్‌కు (ఆ పెప్టైడ్ ఎక్కించడానికి) ముందే తీయాలి. బి6లోనే బి6ఎన్ అనే ఉపరకానికి సీఆర్‌బీ1 జన్యువులో ఆర్‌డీ8 అనే మార్పు ఉంటుంది. దానివల్ల రెటీనా కింది భాగంలో తెల్లచుక్కలు, మడతలు వస్తాయి. మూడో వారంలో చూస్తే అవి అచ్చం వాపులాగే ఉంటాయి. బి6జె రకంలో ఈ మార్పు లేదు. బోనుమీద ఉత్త ‘బి6’ అని ఉంటే నమ్మకుండా పీసీఆర్ (జన్యు పరీక్ష) చేయించండి.

మత్తుకు 50 మి.గ్రా./మి.లీ. కెటమిన్ 2 మి.లీ., 20 మి.గ్రా./మి.లీ. జైలజిన్ 0.5 మి.లీ., సెలైన్ 7.5 మి.లీ. కలపండి. గ్రాము బరువుకు 10 మైక్రోలీటర్ల చొప్పున పొట్టలోకి ఇవ్వాలి. 25 గ్రాముల ఎలుకకు 0.25 మి.లీ. అవుతుంది. జబ్బుతో నీరసించిన ఎలుకకు 0.2 మి.లీ.తో మొదలుపెట్టండి. కనుపాప తెరుచుకోవడానికి 1% ట్రోపికమైడ్, 2.5% ఫినైలెఫ్రిన్ చిన్న చుక్కలుగా వేసి, మిగులును దూదితో అద్దేయండి. 10% ఫినైలెఫ్రిన్ జోలికి పోవద్దు, ఇంత చిన్న ఒంటికి అది ప్రమాదం.

ఎక్కువ చిత్రాలు పాడయ్యేది ఇక్కడి నుంచే. మత్తులో ఎలుక రెప్ప వేయదు, ఒళ్లు చల్లబడుతుంది. కార్నియా ఎండిపోతుంది, కొన్ని నిమిషాల్లో లెన్స్ కూడా తెల్లబడుతుంది. ఒళ్లు వేడెక్కి మెలకువ వచ్చాక ఆ తెలుపు పోతుంది కానీ, ఆ రోజు తీసిన చిత్రం మసకగానే మిగులుతుంది. ఆ మసకను కంటి లోపలి జెల్లీ అయిన విట్రియస్‌లోని వాపు కణాలుగా లెక్కేస్తే మందు పనిచేయలేదని రాసేస్తారు. అందుకే 37 డిగ్రీల వేడిపట్టీ, చిత్రం తీయని కంటిలో కూడా హైప్రోమెలోజ్ జెల్ తప్పనిసరి. పని అయ్యాక కిలోకు 1 మి.గ్రా. అటిపమెజోల్ ఇస్తే త్వరగా లేస్తుంది, కార్నియా దెబ్బతినడమూ తగ్గుతుంది.

కంటినరం బయల్దేరే ఆప్టిక్ డిస్క్‌ను ప్రతిసారీ చిత్రం నడుమకే తెచ్చుకోండి. డిస్క్ అంచు నుంచి ఒకే దూరంలో, నాలుగు దిక్కులా మందం కొలవండి. డిస్క్‌కు దూరమయ్యేకొద్దీ రెటీనా పలుచబడుతుంది కాబట్టి, చోటు కాస్త జరిగినా అది చికిత్స ఫలితంలా కనబడుతుంది. సాఫ్ట్‌వేర్ గీసిన గీతలనూ గుడ్డిగా నమ్మొద్దు. వాపు కంట్లో కణాల గుంపునే రెటీనా పైఅంచుగా పట్టేస్తుంది, చేత్తో సరిదిద్దాలి.

ఈ పాఠంలో అసలు పట్టు ఇది: మందం తగ్గినంత మాత్రాన కన్ను బాగుపడినట్టు కాదు. వాపు తీవ్రంగా ఉన్నప్పుడు రెటీనా ఉబ్బుతుంది. తర్వాత ఫొటోరిసెప్టర్లు (కాంతిని పట్టే కణాలు) చచ్చిపోతే పలుచబడుతుంది. మొత్తం మందం ఒక్కటే గ్రాఫులో పెడితే ఉబ్బు తగ్గడం, కణాలు చచ్చిపోవడం రెండూ ఒకే గీతలో కిందికి దిగుతాయి. కాబట్టి ఫొటోరిసెప్టర్ల కేంద్రకాలుండే బయటి న్యూక్లియర్ పొరను విడిగా కొలవండి. విట్రియస్‌లోని మెరిసే చుక్కలు తగ్గి, ఆ పొర తొలి చిత్రంలోని మందంతోనే నిలిస్తే మందు కాపాడినట్టు. చుక్కలతోపాటు పొర కూడా కరిగితే జబ్బు తన పని ముగించుకుపోయినట్టు.

ఐరిస్ లెన్స్‌కు అతుక్కుని కనుపాప తెరుచుకోని కళ్లను ‘చిత్రం రాలేదు’ అని లెక్కలోంచి తీసేయకండి. అవి ఎక్కువగా తీవ్రంగా జబ్బుపడ్డ కళ్లే. మందు ఇవ్వని గుంపులోంచి వాటిని తీసేస్తే ఆ గుంపు ఉన్నదానికన్నా ఆరోగ్యంగా కనిపిస్తుంది. అలాంటి కంటికి ఏ స్కోరు (జబ్బు తీవ్రత అంకె) ఇవ్వాలో ప్రయోగం మొదలవకముందే రాసిపెట్టుకోండి. ఒక ఎలుక రెండు కళ్లు రెండు ఎలుకలు కావు, గణాంకాల్లో ఎలుకనే యూనిట్‌గా తీసుకోండి. స్కోరు వేసేవారికి ఏ బోనుకు ఏ మందు ఇచ్చారో తెలియకూడదు.

అభ్యాసం: ఆరోగ్యమైన ఎలుకకు ఒకే మత్తులో చిత్రం తీసి, వేదిక మీంచి దింపి, మళ్లీ అమర్చి రెండోసారి తీయండి. కనీసం ఐదు ఎలుకల్లో ఇలా చేసి, రెండు కొలతల మధ్య తేడా రాసుకోండి. అది మీ చేతి తేడా. ఏ ఎలుకలోనైనా అంతకన్నా చిన్న మార్పు కనబడితే దాన్ని మందు ఖాతాలో రాయొద్దు.