కన్ను మసకేస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు కన్ను మసకేసిందంటే అందరూ నేరుగా అద్దాల షాపుకే వెళ్తారు. మా నాన్నా అంతే, రెండేళ్లలో మూడు కళ్లజోళ్లు మార్చారు. వెళ్లిన ప్రతిసారీ మిషన్‌లో గడ్డం పెట్టించి, సైటు చూసి కొత్త అద్దాలు ఇచ్చారు గానీ ఒకసారి డాక్టరుకి చూపించండి అన్న మాట ఒక్కరూ అనలేదు. చివరికి నీటికాసులని, అంటే కంటి నరం దెబ్బతినే గ్లకోమా అని తేలింది. అప్పటికే పక్కచూపు చాలావరకు పోయింది, ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు.

ఆప్టీషియన్ అంటే నంబరు రాసిన చీటీ ప్రకారం అద్దాలు తయారుచేసి ఇచ్చేవారు. అదీ పనితనం ఉన్న పనే. రెండు కంటిపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి అద్దం బిగించాలి, అది తేడా వస్తే నంబరు సరిగ్గానే ఉన్నా తలనొప్పి వదలదు. కొలవకుండానే ఫ్రేము చూపిస్తుంటే ఆపి అడగండి.

సైటు చూడాల్సింది ఆప్టోమెట్రిస్టు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల డిగ్రీ చదివినవారు, జబ్బు అనుమానం వస్తే డాక్టరుకి పంపుతారు. కొన్ని షాపుల్లో మిషన్ నొక్కడం మాత్రమే నేర్చుకున్న కుర్రాడు కూర్చుంటాడు, కాబట్టి మీరేం చదివారని అడగడానికి మొహమాటపడొద్దు. రోడ్డు చివర గాలిబుడగ కనిపించే ఆ మిషన్ ఇచ్చేది అంచనా నంబరు మాత్రమే, ఆ తర్వాత ట్రయల్ ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి పెట్టి చదివించాలి. మన పెద్దవాళ్లకి ఇక్కడో చిక్కుంది. చార్టు ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటుంది, తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు సిగ్గుపడి ఏదో ఒకటి చెప్పేస్తారు. గీతలు ఏ వైపు తిరిగాయో వేలితో చూపించే 'ఈ' చార్టు పెట్టమనండి.

జబ్బు పట్టుకుని మందిచ్చేది, ఆపరేషన్ చేసేది ఆఫ్తాల్మాలజిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత కంటి వైద్యంలో ఎంఎస్, డీఎన్‌బీ లేదా డిప్లొమా చేసిన డాక్టరు. నలభై దాటాక దగ్గరి అక్షరాలు కనబడకపోతే అది చత్వారం కావచ్చు, ఆప్టోమెట్రిస్టు చాలు. కానీ సుగర్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా నీటికాసులున్నా, చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి డాక్టరు దగ్గరే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని కంటి నరం, కంటి లోపల వెనకాల ఉండే రెటీనా పొర చూపించుకోవాలి. పిల్లలకి మెల్ల ఉంటే అదృష్టమని ఊరుకోకండి, ఆలస్యమైతే ఆ కంటికి చూపు సరిగ్గా ఎదగదు. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కలు, అడ్డంగా తెర పడినట్టు కనిపిస్తే ఆరోజే వెళ్లాలి. సున్నం పడితే మాత్రం ముందు మంచినీళ్లతో పావుగంటపైనే కడిగి, తర్వాత పరుగెత్తండి. కన్ను ఎర్రబడితే మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి ప్రెషర్ పెరగొచ్చు.

బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, రాయగడలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి, పెద్ద ఆపరేషనైతే భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్లొచ్చు. ఒడియా సరిగ్గా రాకపోయినా కంగారుపడొద్దు, 'ఝాప్సా దిశుఛి' అంటే మసకగా కనిపిస్తోందని వాళ్లకి అర్థమైపోతుంది. పాత కళ్లజోడు, పాత చీటీలు, వాడుతున్న మందులు తీసుకెళ్లండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపలేరు, అందుకే తోడుగా ఒకరిని వెంటపెట్టుకోండి.