పెళ్లిళ్ల సీజన్‌కి ముందు గుర్రం పగ్గపు కొక్కెం చూసుకోండి

దీపావళి దాటి కార్తీకం మొదలైందంటే హైదరాబాద్ చుట్టుపక్కల గుర్రాలు పెట్టుకున్నవాళ్లకు తీరిక ఉండదు. మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఒకే గుర్రం రెండు బరాత్‌లకు, అంటే పెళ్లి ఊరేగింపులకు కూడా వెళ్తుంది. బ్యాండు, డీజే, పటాకులు, కళ్లలో పడే లైట్లు, చుట్టూ చిందులేసే జనం, వీపు మీద పెళ్లికొడుకు, అతని ముందు ఒక చిన్న పిల్లాడు. ఇంత హడావుడిలో మూడున్నర క్వింటాళ్ల జంతువుకూ దాన్ని చూసుకునే సైస్ చేతికీ మధ్య ఉండేది ఒక్క తాడు. ఆ తాడు చివర బొటనవేలంత కొక్కెం. అది ఏ లోహమో, ఎంత గట్టిదో మనలో చాలామందిమి తిప్పి కూడా చూడం.

నాలుగేళ్ల కింద ఒక బరాత్ అయిపోయే వేళ, పక్కనే పటాకు పేలిన చప్పుడుకు మా గుర్రం బెదిరి ఒక్కసారిగా వెనక్కి గుంజింది. తాడు తెగలేదు, ముడి జారలేదు. కొక్కెం మెడ దగ్గర పుటుక్కున విరిగింది. పెళ్లికొడుకు అప్పుడే దిగిపోయాడు కాబట్టి సరిపోయింది. గుర్రం రోడ్డు దాటి అవతలి సందులోకి పరుగెత్తి ఆగింది. బండేదీ తగలకపోవడం ఆ దేవుడి దయ. ఇంటికొచ్చి ఆ ముక్కను లైటు కింద పెట్టి చూస్తే పైన పసుపు రంగు, లోపల బూడిద రంగులో గరుకు గరుకుగా ఉంది. ఇత్తడి అని చెప్పి అమ్మిన జింకు పోత అది. అప్పటి నుంచి మా దగ్గర ప్రతి సీజన్‌కీ ముందు ఒక రోజంతా తాళ్లకీ కొక్కేలకీ కేటాయిస్తున్నాం.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. నడిపించేటప్పుడు కొక్కెం విరగకూడదు. కట్టేసినప్పుడు మాత్రం, ప్రాణం మీదికొస్తే ఎక్కడో ఒకచోట తెగి తీరాలి. ఆ తెగే చోటు ఏదో మనమే ముందుగా నిర్ణయించాలి, కొక్కేనికి వదిలేయకూడదు. కింద చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

గుర్రం గుంజితే ఎంత బలం పడుతుంది?

చిన్న లెక్క వేద్దాం. 350 కిలోల గుర్రం సెకనుకు 2 మీటర్ల వేగంతో వెనక్కి వెళ్లింది. తాడు బిగిసి 10 సెంటీమీటర్లలో దాన్ని ఆపేసింది. అప్పుడు కొక్కెం మీద పడే సగటు బలం దాదాపు 700 కిలోల బరువును వేలాడదీసినంత. అదే సాగే తాడై 30 సెంటీమీటర్లలో ఆపితే 240 కిలోల దగ్గర ఉంటుంది. సాగే నైలాన్ తాడు మేలే కదా అనిపిస్తుంది. కానీ సాగిన తాడు ఆ శక్తినంతా తనలో దాచుకుంటుంది. ఆ క్షణంలో కొక్కెం విరిగిందంటే, ఆ లోహపు ముక్క ఉండేలు రాయిలా మన ముఖం మీదికి వస్తుంది. అందుకే సాగే తాడుకు నాసిరకం కొక్కెం పెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

అందుకే తాళంచెవుల గుత్తికీ, కుక్క గొలుసుకీ పెట్టే కొక్కేన్ని గుర్రానికి వాడకూడదు. చూడటానికి ఒకేలా ఉంటాయి, పక్కపక్క డబ్బాల్లోనే దొరుకుతాయి కూడా. కొక్కెం మీద కిలోల అంకె రాసి ఉంటే, అది పని భారమా, తెగే భారమా అని అడగండి. పని భారం అంటే రోజూ నిశ్చింతగా మోయగలిగేది. తెగే భారం అంటే అక్కడికి చేరితే విరిగేది. ఈ రెంటికీ మధ్య చాలా రెట్ల తేడా ఉంటుంది. అసలు అంకే లేకపోతే కొట్టువాడి మాట మీద కాదు, లోహాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

ఏ లోహం, ఎలా తెలుస్తుంది?

మార్కెట్లో ఎక్కువగా కనిపించేది జింకు పోత. అచ్చులో పోసి, పైన నికెల్ పూతో ఇత్తడి రంగో వేస్తారు. తళతళా మెరుస్తుంది, చవక. దీని దోషం ఏంటంటే, వంగి హెచ్చరిక ఇవ్వదు. నిన్నటిదాకా బాగున్నది ఈ రోజు రెండు ముక్కలవుతుంది. గుర్రం ముఖానికి దగ్గరగా ఉండే ఏ పనికీ నేను దీన్ని వాడను.

గట్టి ఇత్తడి గానీ కంచు గానీ మంచివి. కంచు ఇంకా దృఢం, ధర కూడా ఎక్కువే. స్టెయిన్‌లెస్ స్టీలు వానకూ చెమటకూ బాగా తట్టుకుంటుంది. సముద్రం పక్కన, అంటే విశాఖలోనో మచిలీపట్నంలోనో గుర్రం పెట్టుకున్నవాళ్లు 316 రకం స్టీలు దొరికితే అదే తీసుకోవాలి, ఉప్పు గాలికి అది నిలుస్తుంది. ఇనుప కొక్కెం బలమైనదే, పూత లేచిపోగానే తుప్పు పట్టడమే దాని బలహీనత.

కొట్టులోనే పరీక్షించవచ్చు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. గట్టిగా అతుక్కుంటే అది పూత వేసిన ఇనుము. అతుక్కోకపోతే ఇత్తడే అని తేల్చేయకండి, జింకు కూడా అతుక్కోదు. ఆ రెండింటినీ విడదీసేది ఆకురాయి. ఒక కొక్కెం కొనుక్కుని, ఎవరికీ కనబడని మూలలో ఆకురాయితో రెండు గీతలు గీయండి. లోపల కూడా పసుపే ఉంటే ఇత్తడి, బూడిద రంగు తేలితే జింకు. ముందు ఒకటి కొని ఇలా చూసి, తర్వాతే డజను తీసుకోండి. సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ లాంటి చోట తాళ్లు, గొలుసులు, లోహపు సామాను అమ్మే కొట్లు వరసగా ఉంటాయి, నాలుగు చోట్ల తిరగడానికి బద్ధకించవద్దు. గుర్రపు సామాను ప్రత్యేకంగా కావాలంటే కాన్పూర్ సరుకుకు పేరుంది. అక్కడి జీనులకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా ఆకురాయి పరీక్ష దానికీ చేయాల్సిందే.

ఇత్తడి కొక్కెంలో ఒక మోసం దాగి ఉంటుంది. అది మన వల్ల జరిగేది. ఒళ్లంతా ఇత్తడైనా లోపలి స్ప్రింగు సాధారణంగా ఉక్కుది. వానాకాలం నాలుగు నెలలు తడిసి అది తుప్పు పడుతుంది. బయటికి కొక్కెం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, కొక్కెం నోటిని మూసే నాలుక మాత్రం సగంలో ఆగిపోతుంది. అందుకే వానలు వెళ్లగానే ప్రతి కొక్కేన్నీ బొటనవేలితో ఇరవై సార్లు తెరిచి మూయమని మా సైస్‌లకు చెప్తాను. ఒక్కసారి తిరిగి రాకపోయినా అది పక్కకు వెళ్లాలి.

ఏ రకం కొక్కెం?

బొటనవేలితో గుండీని వెనక్కి లాగితే తెరుచుకునే రకం అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది. నడిపించడానికి ఇది చాలు. అయితే తాడు బిగుసుకుని ఉన్నప్పుడు దీన్ని తెరవలేం, గుర్రం కాస్త ముందుకు వస్తేనే ఊడుతుంది. తగిలించేటప్పుడు గుండీ వైపు గుర్రం దవడకు ఆనకుండా బయటికి ఉండేలా చూడండి. దాని కన్నా బరువైన, మందమైన నోరున్న కొక్కేలు దృఢమే గానీ, చిన్న పిల్ల గుర్రాల గడ్డం కింద వేలాడి కొట్టుకుంటూ చికాకు పెడతాయి. వాటికి తేలికపాటివే మేలు.

లోపలికి నొక్కితే తెరుచుకునే నాలుక ఉన్న రకాన్ని బరాత్‌లో వద్దే వద్దంటాను. గుర్రం తల విదిలిస్తే పూలదండల దారం, పెళ్లికొడుకు షేర్వాణీ జరీ, ముఖం మీది అలంకారం గొలుసు, ఏదైనా దానిలో దూరుతుంది. దూరిందంటే తిరిగి రాదు. గుర్రం పెదవి, ముక్కుపుటం దూరినా అంతే. కొండలెక్కేవాళ్లు వాడే కరాబినర్‌కు కూడా ఇదే దోషం. అది రెండు టన్నుల భారం మోస్తుందని రాసి ఉండటం చూసి మోసపోవద్దు.

ఇక తొడుగును కిందికి లాగితే, ఎంత బిగుసుకుని ఉన్నా ఠక్కున విడిపోయే కొక్కెం ఒకటి ఉంది, పానిక్ హుక్ అంటారు. గుర్రాన్ని వాహనంలో ఎక్కించినప్పుడు చాలా పనికొస్తుంది. నడిపించడానికి మాత్రం పనికిరాదు. గుర్రం తల గోడకో భుజానికో రాసుకుంటే ఆ తొడుగు దానంతటదే జారే అవకాశం ఉంది. డీసీఎం వ్యాన్‌లో కట్టేటప్పుడు ఈ కొక్కేన్ని గుర్రం గడ్డం దగ్గర కాకుండా వ్యాన్ వైపు చివరకు పెట్టండి. భయపడి తల ఎగరేస్తున్న గుర్రం నోటి దగ్గరికి చెయ్యి తీసుకెళ్లాల్సిన అవసరం రాదు.

కొక్కెం ఎంత మంచిదైనా అది తగిలే రింగు నాసిరకమైతే ఏం లాభం? తలపట్టీకి, అంటే గుర్రం తలకు తొడిగే పట్టీకి గడ్డం కింద ఉన్న రింగును వేళ్లతో తిప్పి చూడండి. కమ్మీ వంచి రెండు కొసలు దగ్గరకు తెచ్చి వదిలేసిన రింగు గట్టిగా లాగితే నోరు తెరుస్తుంది. కొసలు వెల్డింగు చేసినదై ఉండాలి. కొక్కెం నోటికి రింగు వదులుగా, అటూ ఇటూ తిరిగేలా ఉండాలి. ఇరుకుగా దూరితే కొక్కెం అడ్డంగా ఇరుక్కుని, పక్కనుంచి బలం పడి విరుగుతుంది. కొక్కెం మెడ తాడు పురి పడకుండా తిరగాలి, ఇసుకా మట్టీ చేరి బిగుసుకుంటే గోరువెచ్చని నీళ్లలో కడిగి ఒక్క చుక్క నూనె వేస్తే సరిపోతుంది.

తాడు గురించి క్లుప్తంగా. 16 నుంచి 18 మిల్లీమీటర్ల నూలు తాడు, రెండున్నర నుంచి మూడు మీటర్ల పొడవు. నైలాన్ జారితే అరచేయి కాలిపోతుంది. చవక ప్లాస్టిక్ తాడు ఎండకు పొడిబారి పెళుసవుతుంది. తాడునూ కొక్కేన్నీ కలిపేచోట రేకు పట్టీ వేసి నొక్కినవి కొనవద్దు, అది విప్పుకుని అరచేతిని కోస్తుంది. పాయలు వెనక్కి అల్లి కట్టినది గానీ, గట్టిగా కుట్టినది గానీ చూసుకోండి.

కట్టేసేటప్పుడు

గుర్రాన్ని నేరుగా గుంజకు గానీ ఇనుప రింగుకు గానీ కట్టవద్దు. ముందు ఆ రింగుకు పురికొసతో ఒక చిన్న వలయం కట్టి, పగ్గాన్ని ఆ వలయానికి కట్టండి. గుర్రం బెదిరి బలంగా గుంజితే ఆ పురికొస తెగుతుంది. గుర్రం మెడ విరగదు, తలపట్టీ తెగదు, లోహపు ముక్క ఎగరదు. నేను చెప్పిన తెగే చోటు ఇదే. ఇప్పటి ప్లాస్టిక్ సుతిలి తెగదు కాబట్టి జనపనారదే వాడండి. ముడి ఎప్పుడూ ఒక్క లాగుకు ఊడేదై ఉండాలి. గుర్రం భుజాల మిట్టంత ఎత్తులో, మూరెడు వదులుతో కట్టాలి. ఇంకా వదులిస్తే ముందు కాలు తాడు మీదుగా దాటుతుంది. నోటిలోని కళ్లేనికి ఎన్నడూ కట్టకూడదు, ముక్కు మీదికి గొలుసు వేసి ఉన్నప్పుడూ కట్టకూడదు. రోడ్డు మీద తెగితే గుర్రం బయటికి పోతుంది కదా అని చాలామంది అడుగుతారు. రోడ్డు పక్కన కట్టనే వద్దు, ఒక మనిషి పట్టుకుని నిలబడాలి. లైట్ల బండికీ జనరేటర్ బండికీ గుర్రాన్ని తగిలించి టీ తాగడానికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. గుర్రం బెదిరితే ఆ బండి కూడా దాని వెంట వస్తుంది.

బరాత్ రాత్రికి

ఇద్దరు మనుషులు, రెండు పగ్గాలు, చెరొక పక్క. కళ్లెం కింద తలపట్టీ ఉంచి, పగ్గం దానికే తగిలించాలి. మిగిలిన తాడును మడతలు పెట్టి పట్టుకోవాలి గానీ చేతికి చుట్టుకోకూడదు. నూనె రాసినట్టు జారే తాడు వేళ్లను లాగేసుకుపోయిన సంగతులు సైస్‌లను అడిగితే చెప్తారు. గ్లోవ్స్ వేసుకోమంటే మా దగ్గర కుర్రాడు మొదట్లో ‘పట్టు దొరకదన్నా’ అనేవాడు. నూలు తాడుకు తోలు గ్లోవ్స్ వేసి చూపించాక ఇప్పుడు వాటిని అడిగి మరీ తీసుకెళ్తున్నాడు. నడుముకు ఒక మంచి కత్తి ఉండాలి, ఏ కొక్కెమూ తెరుచుకోని క్షణంలో తాడు కోయడానికి. జేబులో ఒక అదనపు కొక్కెం కూడా.

బయల్దేరే ముందు నిమిషం పని ఉంది. కొక్కెం నోటి లోపలి వంపు, అంటే రింగు రాసుకునే చోటు చూడండి. మందంలో పదోవంతు అరిగినా నేను మార్చేస్తాను. మెడ దగ్గర గోటితో రాస్తే తగిలే సన్నని గీత ఉంటే అది పగులే. జింకు మీద తెల్లటి పొడి, ఇత్తడి మీద పచ్చటి చిలుము గుర్రం చెమట వల్ల వస్తాయి, తుడిచి లోపల గుంటలు పడ్డాయేమో చూసుకోండి.

పక్కకు తీసేసిన కొక్కేన్ని డబ్బాలో పడేయకండి. అర్ధరాత్రి తొందరలో ఎవరో ఒకరు దాన్నే తీసి తాడుకు కట్టుకుంటారు. మా దగ్గర సుత్తితో కొట్టి నోరు మూయించాకే పాత సామాను వాడికి వేస్తాం.