నీటి పక్షుల ఫొటోగ్రఫీ – 4వ పాఠం: కాళ్లు, నీడ, మెడ వంపు

పోయిన పాఠంలో షట్టర్ స్పీడు 1/1000 దగ్గర పెట్టుకుని పక్షి కంటి మీద ఫోకస్ నిలపడం చూశాం. అది చేతికి వచ్చాక చాలామందికి ఒక అసంతృప్తి మొదలవుతుంది. ఫొటోలో ఈకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నా, చూస్తే చప్పగా ఉంటుంది. పక్షిని ఫ్రేములో ఎక్కడ ఉంచాలి, ఏ క్షణంలో నొక్కాలి అన్నది ఈసారి చూద్దాం.

సాధనకు స్టిల్ట్ మంచి పక్షి. నల్ల రెక్కలు, తెల్లటి ఒళ్లు, ఒంటికి మించిన గులాబీ రంగు కాళ్లు. కొల్లేరు చేపల చెరువుల గట్ల వెంబడి, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ పులికాట్ నీళ్లలో, హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువులో కనిపిస్తుంది. వలస పక్షుల కోసం చలికాలం దాకా ఆగక్కర్లేదు.

గట్టు మీద నిలబడి తీస్తే పక్షి వెనక బురద నీళ్లే నిండిపోతాయి. సన్నటి కాళ్లు ఆ అలల గీతల్లో కలిసిపోతాయి. అందుకే కిందికి దిగండి. ఖాళీ యూరియా సంచి పరుచుకుని బోర్లా పడుకుంటే ఇంకా మంచిది. లెన్సు నీటి మట్టానికి దగ్గరైన కొద్దీ వెనక కనిపించేది దూరపు గట్టు, రెల్లు గడ్డి. అవి మెత్తగా మసకబారి పక్షి విడిగా తేలుతుంది. పడుకోవడం కష్టమైతే కెమెరా స్క్రీను పైకి తిప్పుకుని చేతులు కిందికి దించినా చాలావరకు పని జరుగుతుంది. ఒక్కటి గమనించండి. ఎదుటి గట్టు గీత పక్షి మెడ మీదుగానో కంటి మీదుగానో పోకూడదు. జానెడు పైకో కిందికో జరిగితే ఆ గీత తప్పుకుంటుంది.

ఇక నీడ. గాలి లేని పొద్దున నీళ్లలో పక్షి మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది. నీటిపైన ఎంత ఎత్తుందో కింద నీడ కూడా ఇంచుమించు అంతే పొడవు. కాబట్టి స్టిల్ట్‌కి కెమెరా నిలువుగా తిప్పడమే మేలు. నీడ ముక్కు కొసతో సహా మొత్తం ఉండాలి, లేదంటే కాళ్ల దగ్గరే తెగ్గొట్టేయాలి. నీడలో తల సగం తెగిన ఫొటో పొరపాటులాగే కనిపిస్తుంది, ఎంత సమర్థించుకున్నా. నీడ చెదిరిపోయిన రోజున కూడా కాళ్ల కింద కాస్త చోటు వదలండి. నీళ్లలో మునిగిన కాళ్లకు అక్కడ చోటున్నట్టు కన్ను నమ్ముతుంది.

భంగిమ విషయంలో నేను ముందు చూసేది తల. ఒళ్లు పక్కకు తిరిగి, తల ఒక పిసరు మన వైపు మళ్లితే కంట్లో వెలుగు చుక్క పడుతుంది, ముక్కు పొడవూ తెలుస్తుంది. తల అవతలికి కొంచెం తిరిగినా ఆ ఫొటో తీసేయడమే. మరీ సూటిగా మన వైపు చూస్తే పొడుగు ముక్కు చుక్కలా కుంచించుకుపోతుంది. తర్వాత కాళ్లు. రెండూ ఒకదాని వెనక ఒకటి పడితే ఒంటికాలి పక్షి అనిపిస్తుంది. నడిచేటప్పుడు ముందు కాలు మోకాలి దగ్గర మడిచి నీటి నుంచి ఎత్తిన క్షణం అందుకోండి. వేళ్ల నుంచి నీటి బొట్లు జారేది అప్పుడే. (నిజానికి మనం మోకాలు అంటున్నది దాని చీలమండ, అసలు మోకాలు ఈకల్లో దాగి ఉంటుంది.)

ఈ క్షణాలు అదృష్టం మీద ఆధారపడినవి కావు. ఈకలు సవరించుకోవడం అయ్యాక పక్షి తరచూ ఒళ్లు ఒక్కసారి విదిలిస్తుంది. చాలాసేపు కునికిన పక్షి లేవగానే ఒకే వైపు రెక్కనూ కాలునూ వెనక్కి చాపుతుంది, ఆ తర్వాత రెండు రెక్కలూ పైకెత్తుతుంది. మొదటిది చూడగానే రెండోదానికి వేలు సిద్ధంగా ఉంచండి, రెక్కలు పట్టేలా జూమ్ కాస్త వెనక్కి తీసుకోండి. గాలి వీస్తుంటే పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా నిలబడతాయి. గాలి మీకు పక్క నుంచి వస్తున్న చోట కూర్చుంటే పక్క భంగిమ దానంతటదే దొరుకుతుంది.

అన్ని పక్షులకూ ఇదే కొలత పనికిరాదు. పూర్తిగా ఎదిగిన నత్తగుల్ల కొంగకు ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది. అది కనపడాలంటే కచ్చితంగా పక్కనుంచే తీయాలి, సందు వెనక లేత రంగు ఉండాలి. గుడ్డికొంగ గట్టు పక్కన కదలకుండా ముడుచుకుని ఉంటే తొందరపడకండి. మెడ నెమ్మదిగా ముందుకు సాగడం మొదలైతే చేప కనపడిందన్నమాట. అప్పటికే ముక్కు ముందు ఖాళీ చోటు వదిలి ఉంచకపోతే పోటు వేసేటప్పుడు తల ఫ్రేము దాటిపోతుంది.

రాయి విసిరి గుంపును లేపడం లాంటి పనులు ఈ పాఠం చదివేవారు చేయరనే నమ్మకం. స్టిల్ట్‌లు వేసవిలో నీటి పక్కన నేల మీదే గుడ్లు పెడతాయి. మీ తల మీదుగా అరుస్తూ తిరుగుతున్నాయంటే గూడు దగ్గర్లోనే ఉంది. వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి.

ఈ వారం అభ్యాసం: ఒకే పక్షి, ఒకే చోటు, అరగంట, మీరు కదలకూడదు. ఇంటికొచ్చాక ముందు తల అవతలికి తిరిగినవి తీసేయండి, తర్వాత కాళ్లు కలిసిపోయినవి, ఆఖర్న నీడ తెగినవి. మిగిలినవాటిలో మూడు ఉంచుకోండి. వచ్చే పాఠంలో ఎగిరే పక్షికి ఫ్రేములో చోటు ఎటువైపు వదలాలో వాటితోనే మొదలుపెడదాం.