‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అనే బదులు

ఆదివారం ఆరాధనలో ఎవరికో బాగాలేదని వింటాం. ‘ప్రార్థన చేస్తాం, ఏమైనా కావాలంటే చెప్పండి’ అనేసి వచ్చేస్తాం. వాళ్లు అడగరు, బుధవారానికి మనమూ మర్చిపోతాం.

ఇప్పుడు పనీ టైమూ నేనే చెప్పేస్తున్నా. పోయిన నెల మా సంఘం ఆయన ఒకరు తిరుపతి రుయా ఆసుపత్రిలో ఉంటే, ఆయన భార్యతో ‘అక్కా, రేపు పొద్దున 7కి వస్తా, 9 దాకా అన్న దగ్గర కూర్చుంటా, నువ్వు ఇంటికెళ్లి స్నానం చేసి రా’ అన్నా. అక్కడే ఫోన్‌లో అలారం పెట్టుకున్నా. సంచిలో లీటరు ఫ్లాస్కు నిండా వేణ్నీళ్లు, 2 గ్లాసులు, చార్జర్, జెరాక్సులకు 100 రూపాయల చిల్లర. అన్నింటికంటే చార్జరే పనికొచ్చింది, పక్క బెడ్డు వాళ్లకి కూడా!

వారం తర్వాత మళ్లీ వెళ్లి పలకరించడానికి ఇంకో అలారం పెట్టుకోండి. బైబిల్లో లూకా 10లో, దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి ఆదుకున్న సమరయుడు పూటకూళ్లవాడికి 2 దేనారాలు (అప్పటి నాణేలు) ఇచ్చి ఊరుకోలేదు, తిరిగి వస్తానన్నాడు కదా.

ఐసీయూలో ఉన్నవాళ్లకి ఇది కుదరదు. షుగర్, కిడ్నీ పేషెంట్లకు నర్సును అడగకుండా ఏమీ తినిపించొద్దు. ఆ 2 గంటలూ మాట్లాడుతూ కూర్చోకండి. మొదటిసారి నేనదే చేశా, పాపం ఆయనకు కునుకే లేకుండా పోయింది.