సెలవుల్లో పిల్లల చేత రోజుకో గంట ఆడించడం ఎలా

ప్రాథమిక బడులకు పీఈటీలు, అంటే ఆటలు నేర్పే మాస్టార్లు, ఉండరు. కోనసీమలో మా చిన్న బడికీ అంతే. లెక్కలూ నేనే, తెలుగూ నేనే, ఆటలూ నేనే. ఏప్రిల్ చివర సెలవులిచ్చే ముందు అమ్మానాన్నలను పిలిచి హోంవర్కు కన్నా ఆటల సంగతే ఎక్కువ చెబుతాను. జూన్‌లో బడి తెరిచాక ఎవరు ఫోన్ పట్టుకుని కూర్చున్నారో ప్రార్థన అయ్యాక ఒక్క పరుగు పెట్టిస్తే తెలిసిపోతుంది.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ఒకేసారి అవ్వక్కర్లేదు. పొద్దున్న ఎండెక్కకముందు అరగంట, సాయంత్రం ఐదు దాటాక అరగంట చాలు. మన ఉక్కలో చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. అందుకే పావుగంటకోసారి నీడలో కూర్చోబెట్టి మంచినీళ్ళో మజ్జిగో ఇవ్వండి. కూల్‌డ్రింకు ఆశ మాత్రం చూపించకండి.

ఇక అసలు విషయం. మన ఆటల్లో చాలావాటికి ఒక చిక్కుంది. ముందు ఔటయ్యేది బొద్దుగా ఉన్నవాడో, చిన్నదో. ఎవరికి కదలిక ఎక్కువ కావాలో వాళ్ళే గట్టు మీద కూర్చుని చూస్తుంటారు. కాబట్టి మా బడిలో ఔటనేది లేదు. ఏడుపెంకులాటలో బంతి తగిలితే పరిగెత్తుకెళ్ళి గేటు ముట్టుకుని మళ్ళీ ఆటలోకి రావాలి. ఎన్నిసార్లు తగిలితే అన్ని పరుగులు. చిన్నపిల్లలను ఆటలో అరటిపండుగా వదిలెయ్యకుండా, ఒకటి రెండు తరగతుల వాళ్ళను నాలుగడుగుల నుంచి, ఐదో తరగతి వాళ్ళను పదడుగుల నుంచి బంతి విసరమంటాను. అందరూ డాబాలు కట్టేశారు, పెంకులెక్కడివంటారా? కొబ్బరి చిప్పల అంచులు బండకేసి నున్నగా రుద్ది, పెద్దది అడుగున పెట్టి ఒకదాని మీద ఒకటి బోర్లించండి. బంతి మెత్తగా ఉండాలి. గుడ్డలు చుట్టి కట్టినదైనా పర్వాలేదు. క్రికెట్ బంతి వద్దు.

కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే ఆటలు వారానికి కనీసం మూడు రోజులుండాలి. గెంతడం, లాగడం, ఎక్కడం ఇందులోకి వస్తాయి. తొక్కుడుబిళ్ళ మగపిల్లల చేత కూడా ఆడించండి. మొదట్లో సిగ్గుపడతారు, రెండో రోజు నుంచి తొండి కూడా మొదలెడతారు! కొబ్బరి పీచుతాడు బరువుగా ఉండి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, ఇద్దరు తిప్పుతుంటే ముగ్గురు గెంతడానికి బాగుంటుంది. చేతులు కోసుకోకుండా కొసలకు గుడ్డ చుట్టండి. ఎండిన కొబ్బరి మట్ట మీద ఒకణ్ణి కూర్చోబెట్టి ఇద్దరు లాగితే అంతకంటే మంచి కసరత్తు లేదు. లాగేవాళ్ళూ కూర్చునేవాళ్ళూ మారుతుండాలి. రోడ్డు మీద కాదు, మట్టి దారిలోనే.

చోటు విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. కాయలు దింపని కొబ్బరిచెట్ల కింద ఆట వద్దు. రొయ్యల చెరువు గట్ల దగ్గరకు అసలే వద్దు, అక్కడ నీళ్ళతోపాటు ఏరేటర్ల (నీళ్ళకు గాలి పట్టించే యంత్రాల) కరెంటు తీగలుంటాయి. ఎండాకాలం కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన గుంటల్లో పిల్లలు దిగుతుంటారు. పైకి మోకాటి లోతే అనిపిస్తుంది, లోపల బురద ఎంత ఉందో తెలియదు. ఈత నేర్పాలంటే ఈత వచ్చిన పెద్దవాళ్ళు నడుము లోతు నీళ్ళలో పిల్లాడికి చెయ్యి అందేంత దగ్గరగా ఉండాలి. అరటి బోదె ఇచ్చి గట్టు మీద కూర్చుంటే కుదరదు.

అమ్మానాన్నలు పనికి పోతే ఎవరు చూస్తారని అడుగుతుంటారు. నాలుగిళ్ళవాళ్ళు కలిసి వంతులు వేసుకోండి. తాతగారికో అమ్మమ్మగారికో అరుగు మీద కుర్చీ వెయ్యండి. వాళ్ళు ఆడక్కర్లేదు, ఆట నేర్పక్కర్లేదు. దెబ్బలు తగలకుండా చూస్తే చాలు. తొండి గొడవలు పిల్లలే తేల్చుకుంటారు. తేలకపోతే పంటలు మళ్ళీ వేసుకోమనండి.