హోయా పూల కాడ తుంచొద్దు

తిరుపతి బాల్కనీల్లో వేలాడే హోయా (మందపాటి ఆకుల పూలతీగ) పూయడం లేదంటే ముందు కత్తెరనే అనుమానించాలి. పూలు రాలాక మిగిలే పొట్టి కాడ ఎండుపుల్ల కాదు, మళ్లీ మొగ్గలు అక్కడే వస్తాయి. ఆకుల్లేకుండా బారెడు సాగిన తీగనూ తెంపకండి, ఆకులు తర్వాత వేస్తుంది. తూర్పు కిటికీ దగ్గర పొద్దుటెండ చాలు. మే నెల మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకు మాడుతుంది.

కుండీలో నింపే మిశ్రమానికి కొబ్బరి పెచ్చు ముక్కలు రెండు పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) ఒకటి, వర్మీకంపోస్ట్ ఒకటి. కుండీ ఇరుకుగా ఉంటేనే నయం. పైన 2 అంగుళాలు ఎండాకే నీళ్లు. నవంబరు ముసుర్లలో ఇంకా తగ్గించాలి, లేకుంటే వేరు కుళ్లుతుంది. ఆకు మొదళ్లలో పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకునే పురుగు) కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం పూట చల్లండి. మొగ్గ తొడిగాక మాత్రం కుండీ చోటు మార్చొద్దు, రాలిపోతాయి.